బహిర్గత, అంతర్గత లక్షణాలు బిడ్డకు సంక్రమించే సంభావ్యతను లెక్కగట్టడం ఎలా?

తల్లిదండ్రుల లక్షణం బిడ్డకు వస్తుందా, రాదా అన్న ప్రశ్నకు జన్యుశాస్త్రం ఇచ్చే జవాబు చాలాసార్లు ఒక భిన్నం రూపంలో ఉంటుంది: సగం, పావు, మూడింట రెండు వంతులు. ఈ భిన్నాలను రాబట్టడానికి కావలసిన గణితం గుణకారం, కూడిక, అక్కడక్కడ ఒక భాగహారం మాత్రమే. అయినా ఈ లెక్కల్లో తప్పులు తరచుగా దొర్లుతాయి. గుణకారం రాక కాదు, అప్పటికే తెలిసి ఉన్న సమాచారాన్ని లెక్కలోకి తీసుకోవడం మరచిపోవడం వల్ల. కాబట్టి ప్రతి అడుగులోనూ "ఈ వ్యక్తి గురించి నాకు ఖాయంగా తెలిసింది ఏమిటి?" అని ప్రశ్నించుకుంటూ ముందుకు సాగండి.

1. ఆ లక్షణం ఒకే జన్యువు మీద ఆధారపడినదేనా అని తేల్చుకోండి

ఈ పద్ధతి ఒక జన్యువు నిర్ణయించే లక్షణాలకే పనికివస్తుంది. ఎత్తు, చర్మపు రంగు, కంటి రంగు వంటివి అనేక జన్యువుల ఉమ్మడి ఫలితాలు కాబట్టి వాటికి పావు, సగం అన్న లెక్కలు వర్తించవు. నాలుకను గొట్టంలా మడవగలగడం బహిర్గత (తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా బయటపడే) లక్షణమని పాఠాల్లో ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. 1940లో ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ అలా ప్రతిపాదించిన మాట నిజమే. కాని 1952లో 33 జతల సమరూప కవలలను పరిశీలించినప్పుడు 7 జతల్లో ఒకరు నాలుకను మడవగలిగారు, రెండోవారు మడవలేకపోయారు. ఒకే జన్యుసంపద ఉన్న ఇద్దరిలో తేడా కనిపించినప్పుడు దాన్ని ఒక్క జన్యువుకు అంటగట్టడం కుదరదు. అభ్యాసం కోసమైనా సరే, అలాంటి ఉదాహరణను ఎంచుకోకపోవడమే మంచిది.

నిజంగా ఒకే జన్యువుకు లోబడిన నిరపాయకరమైన లక్షణం కావాలంటే చెవి గులిమిని తీసుకోండి. 16వ క్రోమోజోమ్ మీద ఉన్న ఏబీసీసీ11 అనే జన్యువు గులిమి జిగటగా, తడిగా ఉంటుందా లేక పొడిపొడిగా ఉంటుందా అన్నది నిర్ణయిస్తుందని 2006లో తేలింది. తడి గులిమి బహిర్గతం, పొడి గులిమి అంతర్గతం (ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది). జబ్బుల విషయానికి వస్తే చర్మానికి, జుట్టుకు సహజమైన రంగు ఏర్పడని ఆల్బినిజం, సిస్టిక్ ఫైబ్రోసిస్, ఫినైల్‌కీటోన్యూరియా, సికిల్ సెల్ వ్యాధి, బీటా తలసీమియా అంతర్గత పద్ధతిలోనూ, మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ వ్యాధి, పొట్టితనానికి కారణమయ్యే అకాండ్రోప్లేసియా బహిర్గత పద్ధతిలోనూ సంక్రమిస్తాయి.

2. తల్లిదండ్రుల జన్యురూపాలను అక్షరాల్లో రాయండి

మనిషి కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో 22 జతలు స్త్రీపురుషులిద్దరిలోనూ ఒకేలా ఉండే సామాన్య క్రోమోజోములు కాగా, మిగిలిన ఒక జత లింగ క్రోమోజోములు. సామాన్య క్రోమోజోముల మీది ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది; ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చినవి. ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలను యుగ్మవికల్పాలు అంటారు. ఒక్క ప్రతి ఉన్నా లక్షణాన్ని బయటపెట్టేది బహిర్గత యుగ్మవికల్పం. రెండు ప్రతులూ ఉంటే తప్ప బయటపడనిది అంతర్గతం.

ఈ రూపాలను ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలతో గుర్తించడం ఆనవాయితీ. తెలుగు లిపిలో ఆ భేదం లేదు కాబట్టి రెండు వేర్వేరు అక్షరాలు వాడడమే తేలిక. చేతిరాతలో పెద్ద అక్షరం ఏదో చిన్న అక్షరం ఏదో తేల్చుకోలేక లెక్క తారుమారయ్యే ప్రమాదం కూడా దీనితో తప్పుతుంది. తడి గులిమిని "త" అని, పొడి గులిమిని "ప" అని రాస్తే సాధ్యమైన జన్యురూపాలు, అంటే రెండు ప్రతుల కలయికలు, మూడు: తత, తప, పప. మొదటి రెండింటిలో గులిమి తడిగానూ, మూడోదానిలో పొడిగానూ ఉంటుంది.

అంతర్గత లక్షణం బయటికి కనిపిస్తున్న వ్యక్తి జన్యురూపం గురించి సందేహమే అక్కర్లేదు, అది పప. బహిర్గత లక్షణం కనిపించే వ్యక్తి మాత్రం తత కావచ్చు, తప కావచ్చు. దీన్ని తేల్చడానికి ఆ వ్యక్తికి ముందు తరాన్ని, తరువాతి తరాన్ని చూడండి. ఆయన తల్లిదండ్రులలో ఒకరికి పొడి గులిమి ఉన్నా, ఆయన బిడ్డలలో ఒక్కరికి ఉన్నా, ఆయన తప్పనిసరిగా తప. పొడి గులిమి ఉన్న తల్లి ఇవ్వగలిగింది "ప" ఒక్కటే. పొడి గులిమి ఉన్న బిడ్డకు ఇద్దరి నుంచీ "ప" అంది ఉండాలి.

3. చదరం గీసి నింపండి

వీర్యకణంలో గాని, అండంలో గాని ప్రతి జన్యువుకూ ఒకే ప్రతి ఉంటుంది. తప జన్యురూపం ఉన్నవారి బీజకణాలలో సగం "త"ను, సగం "ప"ను మోసుకువెళ్తాయి. రెజినాల్డ్ పన్నెట్ పేరు మీదుగా ప్రసిద్ధమైన చదరంలో ఒక పక్క తల్లి ఇవ్వగలిగిన ప్రతులను, పైన తండ్రి ఇవ్వగలిగిన ప్రతులను రాసి, గళ్లలో వాటిని జతపరుస్తారు. ఇద్దరూ తప అయితే చదరం ఇలా వస్తుంది.

| తల్లి / తండ్రి | త | ప |
|---|---|---|
| త | తత | తప |
| ప | తప | పప |

ప్రతి గడి విలువా 1/2 × 1/2 = 1/4. కాబట్టి తత 1/4, తప 2/4, పప 1/4. జన్యురూపాల నిష్పత్తి 1:2:1 అయినా, మొదటి మూడు గళ్లలోనూ గులిమి తడిగానే ఉంటుంది గనుక బయటికి కనిపించే దృశ్యరూపాల నిష్పత్తి 3:1. ఒకరు తప, రెండోవారు పప అయితే బిడ్డకు పొడి గులిమి వచ్చే సంభావ్యత 1/2. ఒకరు తత అయితే రెండోవారి జన్యురూపం ఏదైనా బిడ్డకు తడి గులిమే వస్తుంది.

కొంత అలవాటైన తరువాత చదరం గీయవలసిన పని ఉండదు. "తల్లి ప ఇచ్చే సంభావ్యత ఎంత, తండ్రి ప ఇచ్చే సంభావ్యత ఎంత" అని అడిగి రెండింటినీ గుణిస్తే చాలు. ముందు ముందు జన్యురూపాలే సంభావ్యతలుగా మారినప్పుడు ఈ గుణకార పద్ధతే అక్కరకు వస్తుంది.

రెండు లక్షణాలను కలిపి లెక్కించాలన్నా గుణకారమే. ఇద్దరూ తప అయి, ఇద్దరిలోనూ ఆర్‌హెచ్ నెగటివ్‌కు కారణమయ్యే అంతర్గత ప్రతి ఒక్కొక్కటి ఉంటే, బిడ్డకు పొడి గులిమి, ఆర్‌హెచ్ నెగటివ్ రక్తం రెండూ కలిసి వచ్చే సంభావ్యత 1/4 × 1/4 = 1/16. గులిమి జన్యువు 16వ క్రోమోజోమ్ మీద, ఆర్‌హెచ్ జన్యువు 1వ క్రోమోజోమ్ మీద ఉండడం వల్లనే ఇలా గుణించడం చెల్లింది. ఒకే క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉన్న జన్యువులు చాలాసార్లు జంటగా ప్రయాణిస్తాయి. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా ఏ, ఎరుపు–ఆకుపచ్చ వర్ణాంధత్వం అలాంటి జంటే. వాటి సంభావ్యతలను విడివిడిగా లెక్కించి గుణిస్తే తప్పు జవాబు వస్తుంది.

4. ఒకరికి మించి సంతానం ఉన్నప్పుడు

పావు వంతు అంటే నలుగురు పిల్లలలో ఒకరు అని అర్థం చేసుకోవడం అతి సాధారణమైన పొరపాటు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురూ క్షేమమని ఊరట చెందడం కూడా దాని నుంచి పుట్టిందే. ప్రతి గర్భధారణా కొత్తగా వేసిన పాచిక. ముందు ఏం పడిందో దానికి గుర్తుండదు.

ఇద్దరూ ఒక అంతర్గత వ్యాధికి వాహకులు, అంటే ఒక్కొక్క లోపభూయిష్ట ప్రతి ఉండి పైకి ఆరోగ్యంగా ఉన్నవారు అనుకోండి. వారికి ముగ్గురు పిల్లలు పుడితే:

ముగ్గురూ ఆరోగ్యవంతులయ్యే సంభావ్యత 3/4 × 3/4 × 3/4 = 27/64, అంటే సుమారు 42 శాతం. కనీసం ఒకరికి జబ్బు వచ్చే సంభావ్యతను నేరుగా లెక్కించబోతే చాలా సందర్భాలను కూడవలసి వస్తుంది. 1 నుంచి పై విలువను తీసివేస్తే 37/64, సుమారు 58 శాతం వెంటనే వచ్చేస్తుంది. సరిగ్గా ఒక్కరికే వచ్చే సంభావ్యత కోసం జబ్బు పెద్ద బిడ్డకా, నడిమి బిడ్డకా, చివరి బిడ్డకా అన్న మూడు దారులనూ కూడాలి: 3 × 1/4 × 3/4 × 3/4 = 27/64. ఎవరికీ రాకపోవడమూ, ఒక్కరికే రావడమూ సరిసమానం కావడం చూడడానికి వింతగా ఉంటుంది గాని లెక్క సరైనదే.

5. జన్యురూపం తెలియనప్పుడు వంశవృక్షం నుంచి రాబట్టండి

పైన చెప్పిన లెక్కలన్నింటిలోనూ తల్లిదండ్రుల జన్యురూపం ముందే ఇచ్చేశాం. వాస్తవ జీవితంలో ఎవరికి ఏముందో మొదట తెలియదు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

ఒక స్త్రీ సోదరుడికి ఆల్బినిజం ఉంది. ఆమెకు గాని, తల్లిదండ్రులకు గాని లేదు. ఆమె వాహకురాలు అయ్యే సంభావ్యత ఎంత? సాధారణ ప్రతిని "స" అని, మార్పు చెందిన ప్రతిని "మ" అని రాయండి. సోదరుడు మమ కాబట్టి తల్లిదండ్రులిద్దరూ సమ అని ఖాయమైంది. వారి చదరంలో సమ వాటా 2/4 కనుక జవాబు సగం అని చాలామంది ఠక్కున చెబుతారు. కాని ఆమెకు ఆల్బినిజం లేదన్న సంగతి మనకు ముందే తెలుసు. మమ గడి ఆమెది కాదు, దాన్ని కొట్టివేయండి. మిగిలిన మూడు గళ్లలో రెండు సమ. కాబట్టి జవాబు 2/3. ఈ ఒక్క గడిని కొట్టివేయడం అలవాటైతే అంతర్గత లక్షణాల లెక్కల్లో సగం తప్పులు తొలగిపోతాయి. అదే సోదరి ఇంకా పుట్టకుండా తల్లి కడుపులో ఉంటే ఏ గడినీ కొట్టివేయలేం. అప్పుడు వాహకురాలయ్యే సంభావ్యత 1/2 మాత్రమే.

ఇప్పుడు ఆమె భర్త సంగతి. ఆయన కుటుంబంలో ఆ జబ్బు చరిత్ర లేకపోతే జనాభా సగటును తీసుకోవాలి. 1908లో గాడ్‌ఫ్రీ హార్డీ, విల్‌హెల్మ్ వైన్‌బర్గ్ వేర్వేరుగా ప్రతిపాదించిన సూత్రం ఇందుకు సాయపడుతుంది. జనాభాలో "మ" ప్రతుల వాటా ఎంతో దాని వర్గమే జబ్బు ఉన్నవారి వాటా. ఉదాహరణకు ఒక జబ్బు 10,000 మందిలో ఒకరికి ఉందనుకుంటే, "మ" వాటా దాని వర్గమూలం, అంటే 1/100. "స" వాటా 99/100. వాహకుల వాటా 2 × 99/100 × 1/100, దాదాపు 1/50. జబ్బు పదివేల మందిలో ఒకరికే ఉన్నా దాని వాహకులు యాభై మందిలో ఒకరు ఉండడం గమనించదగ్గ విషయం.

ఇక మూడు సంభావ్యతలను గుణించండి: భార్య వాహకురాలు కావడం, భర్త వాహకుడు కావడం, ఇద్దరూ "మ"నే అందించడం. 2/3 × 1/50 × 1/4 = 1/300. భర్త వాహకుడని పరీక్షలో తేలి ఉంటే ఆయన భిన్నం 1/50కి బదులు 1 అవుతుంది; జవాబు 1/6. భర్తకు కూడా అదే జబ్బు ఉన్న తోబుట్టువు ఉండి, ఆయనా ఆయన తల్లిదండ్రులూ ఆరోగ్యంగా ఉంటే 2/3 × 2/3 × 1/4 = 1/9.

భర్త ఆమె మేనత్త కొడుకే అయితే? జనాభా సగటు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆయన ఆమె వంశవృక్షంలోనే ఉన్నాడు. ఆమె తండ్రి ఖాయంగా వాహకుడు కాబట్టి తండ్రి సోదరి వాహకురాలయ్యే సంభావ్యత 1/2, ఆమె కొడుకు వాహకుడయ్యే సంభావ్యత 1/4. బిడ్డకు జబ్బు వచ్చే సంభావ్యత 2/3 × 1/4 × 1/4 = 1/24. బయటి సంబంధంలో వచ్చిన 1/300తో పోలిస్తే ఇది పన్నెండున్నర రెట్లు. ఇలాంటి లెక్కలో ఉమ్మడి పూర్వికుల నుంచి ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా సగంతో గుణిస్తూ రావాలి.

6. బహిర్గత జబ్బుల లెక్కలో మూడు జాగ్రత్తలు

అరుదైన బహిర్గత జబ్బు ఉన్న వ్యక్తిలో మార్పు చెందిన ప్రతి దాదాపు ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. భాగస్వామికి జబ్బు లేకపోతే ప్రతి బిడ్డకూ సంభావ్యత 1/2. ఇంత సులువుగా కనిపించే చోట పట్టించుకోవలసినవి మూడున్నాయి.

మొదటిది, రెండు ప్రతులూ మారినవైతే కొన్ని జబ్బుల్లో శిశువు బతకదు. అకాండ్రోప్లేసియా ఉన్న ఇద్దరు దంపతులైతే గర్భధారణలో పావు వంతు అలా ప్రాణాంతకమవుతుంది. ఆ గడిని తీసివేస్తే, బతికే బిడ్డకు తల్లిదండ్రుల వంటి పొట్టితనం ఉండే సంభావ్యత 3/4 కాదు, 2/3. సగటు ఎత్తు ఉండే సంభావ్యత 1/3.

రెండోది, కొత్తగా ఏర్పడే మార్పు. అకాండ్రోప్లేసియా ఉన్నవారిలో సుమారు 80 శాతం మంది తల్లిదండ్రులకు ఆ లక్షణం ఉండదు. అలాంటి దంపతులకు తరువాతి బిడ్డ విషయంలో 1/2 అని లెక్క చెప్పడం పొరపాటు. ముప్పు చాలా తక్కువ. ఆ మొదటి బిడ్డ పెరిగి పెద్దయి పిల్లలను కన్నప్పుడు మాత్రం 1/2 పూర్తిగా వర్తిస్తుంది.

మూడోది, వయసు. హంటింగ్టన్ వ్యాధి 4వ క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో సీఏజీ అనే వరుస మితిమీరి పునరావృతం కావడం వల్ల వస్తుంది. ఆ జన్యువును 1993లో గుర్తించారు. పునరావృతాలు 40 లేదా అంతకు మించితే సాధారణ ఆయుష్షులో జబ్బు తప్పక బయటపడుతుంది, కాని లక్షణాలు చాలామందిలో నడివయసులో మొదలవుతాయి. తండ్రికి జబ్బు ఉన్న కొడుకు తొలి సంభావ్యత 1/2. మార్పు ఉన్నవారిలో సగం మందికి ఫలానా వయసుకల్లా లక్షణాలు కనిపిస్తాయని లెక్క సౌలభ్యం కోసం అనుకుందాం. ఆ వయసు దాటినా అతను ఆరోగ్యంగానే ఉన్నాడు. మార్పు ఉండి ఇంకా బయటపడని సందర్భం విలువ 1/2 × 1/2 = 1/4; మార్పే లేని సందర్భం విలువ 1/2. రెండింటి మొత్తం 3/4. అందులో మొదటిదాని వాటా 1/3. సగంగా మొదలైన ముప్పు మూడో వంతుకు తగ్గింది. అతని బిడ్డకు 1/6.

7. రక్తవర్గాలు

ఏబీఓ వర్గాల్లో మూడు యుగ్మవికల్పాలు ఉంటాయి. ఏ, బీ రెండూ ఓ మీద బహిర్గతం. ఒకదాని మీద ఒకటి మాత్రం కావు, రెండూ ఉంటే రెండూ వ్యక్తమై ఏబీ వర్గం వస్తుంది. పద్ధతి పాతదే. ఏఓ తల్లికి, బీఓ తండ్రికి పుట్టే బిడ్డ ఏబీ, ఏ, బీ, ఓ వర్గాల్లో దేనికైనా సమానంగా, 1/4 చొప్పున, చెందవచ్చు. తల్లిదండ్రులతో పోలని ఓ వర్గం బిడ్డకు రావడంలో అనుమానించవలసింది ఏమీ లేదు. చదరంలో అసలు రాకూడని వర్గం కనిపించినా తొందరపడి తీర్మానాలు చేయకండి. 1952లో ప్రచురితమైన బాంబే రక్తవర్గంలో హెచ్ అనే మరో జన్యువు రెండు ప్రతులూ పనిచేయనందువల్ల, ఏ గాని బీ గాని ఉన్నా మామూలు పరీక్షలో ఓగా కనిపిస్తుంది.

8. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న అంతర్గత లక్షణాలు

హీమోఫిలియా, ఎరుపు–ఆకుపచ్చ వర్ణాంధత్వం ఈ కోవలోవి. పురుషుడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి ఒక్క "మ" ప్రతి చాలు. చదరంలో కొడుకులను, కూతుళ్లను వేర్వేరుగా లెక్కించండి. తల్లి వాహకురాలై తండ్రి ఆరోగ్యంగా ఉంటే, కొడుక్కి జబ్బు వచ్చే సంభావ్యత 1/2, కూతురు వాహకురాలయ్యే సంభావ్యత 1/2. పుట్టబోయేది ఎవరో తెలియనప్పుడు జబ్బు ఉన్న బిడ్డ పుట్టే సంభావ్యత 1/4. "కొడుకుల్లో సగం", "పిల్లల్లో పావు" అన్నవి ఒకే సంగతికి రెండు రూపాలు. ఏది అడుగుతున్నారో చూసి జవాబివ్వండి.

తండ్రికి జబ్బు ఉండి తల్లి వాహకురాలు కాకపోతే లెక్కే అక్కర్లేదు. తండ్రి ఎక్స్ కూతుళ్లందరికీ చేరుతుంది, కొడుకులెవరికీ చేరదు. విక్టోరియా రాణి కుమారుడు లియోపోల్డ్‌కు హీమోఫిలియా ఉండేది. ఆయన కొడుక్కి జబ్బు రాలేదు. కూతురు ఆలిస్ వాహకురాలైంది, ఆమె కొడుకు రూపర్ట్‌కు హీమోఫిలియా వచ్చింది.

9. కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా భిన్నాన్ని సవరించండి

ఒక స్త్రీ సోదరుడికీ, మేనమామకూ హీమోఫిలియా ఉంది. ఇద్దరికీ ఉండడం వల్ల ఆమె తల్లి వాహకురాలని తీర్మానించవచ్చు. సోదరుడొక్కడికే ఉంటే అది కొత్తగా ఏర్పడిన మార్పు కూడా కావచ్చు. ఇక్కడ తల్లి ఖాయంగా వాహకురాలు కాబట్టి ఈ స్త్రీ తొలి సంభావ్యత 1/2. ఆమెకు ఇద్దరు ఆరోగ్యవంతులైన కొడుకులు పుట్టారు. ఆమె వాహకురాలైతే అలా జరిగే సంభావ్యత 1/2 × 1/2 = 1/4; కాకపోతే దాదాపు 1. రెండు వరుసలు పక్కపక్కన రాయండి: వాహకురాలు అన్న వరుసలో 1/2 × 1/4 = 1/8, కాదు అన్న వరుసలో 1/2 × 1 = 1/2. మొత్తం 5/8. మొదటి వరుస వాటా 1/5. మూడో బిడ్డ కొడుకైతే అతనికి జబ్బు వచ్చే సంభావ్యత 1/10. ఇక్కడ పిల్లల ఆరోగ్యం తల్లి జన్యువులను మార్చలేదు. ఆమె గురించి మనకున్న అజ్ఞానాన్ని మాత్రమే తగ్గించింది. నాలుగో అడుగులో చెప్పిన "పాచికకు గుర్తుండదు" అన్న మాటకు ఇది విరుద్ధం కాదు, ఎందుకంటే అక్కడ జన్యురూపం ఖాయంగా తెలుసు, ఇక్కడ తెలియదు.

జన్యు పరీక్షల ఫలితాలకూ ఇదే రెండు వరుసల పద్ధతి. ఐదో అడుగులోని భర్త పరీక్ష చేయించుకోగా మార్పు కనిపించలేదనీ, ఆ పరీక్ష నూరుమంది వాహకుల్లో 90 మందినే పట్టుకోగలదనీ అనుకుందాం. వాహకుడై ఉండి పరీక్షకు చిక్కని సందర్భం 1/50 × 1/10 = 1/500; అసలు వాహకుడే కాని సందర్భం 49/50, అంటే 490/500. మొదటిదాని వాటా 1/491. దీన్ని పాత గుణకారంలో పెడితే 2/3 × 1/491 × 1/4 = 1/2946. 1/300గా ఉన్న ముప్పు దాదాపు పదో వంతుకు తగ్గింది గాని సున్నా కాలేదు. పరీక్ష నివేదికలో మార్పు కనిపించలేదని చూసిన వెంటనే లెక్కలో సున్నా రాసేయకండి. ఆ పరీక్ష వాహకుల్లో ఎంత శాతం మందిని గుర్తించగలదో అడిగి తెలుసుకుని, ఆ అంకెతోనే రెండు వరుసలనూ నింపండి.